కొలిమి హంస కాదు

సెలవు రోజు పొద్దున్నే వీధిలో ఒక కేక వినబడుతుంది. "పాత ఇనప సామాన్లు కొంటాం, రేకు డబ్బాలు కొంటాం, ప్లాస్టిక్ కొంటాం, పాత పేపర్లు కొంటాం." ఒకప్పుడు ఆ కేక మనిషి గొంతులోంచి వచ్చేది. ఇప్పుడు బండికి కట్టిన మైకులోంచి వస్తోంది. కేక వినగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. అటక మీద, మెట్ల కింద, పెరట్లో పడి ఉన్నదంతా ఒక గోనెసంచిలో కుక్కుతాం. తూకం వేయిస్తాం. ఇచ్చినంత పుచ్చుకుంటాం. ఇల్లు ఖాళీ అయిందని ఊపిరి పీల్చుకుంటాం. ఈ పూట మన మాట ఆ సంచి గురించి, ఆ సంచి చేరే కొట్టు గురించి. పల్లెల్లో దాన్ని పాత ఇనప సామాన్ల కొట్టు అంటారు. హైదరాబాదులో కబాడీ దుకాణం అంటారు. పట్టణాల్లో బోర్డు మీద స్క్రాప్ షాపు అని రాసి ఉంటుంది. పేరేదైనా పని ఒకటే. మనం వాడి వదిలేసిన లోహాన్ని కొని, రకాలుగా విడదీసి, పెద్ద గోడౌనుకు, అక్కణ్ణుంచి కొలిమికి పంపడం. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటే. కొలిమి కరిగిస్తుంది, వేరు చేయలేదు. వేరు చేయాల్సింది మనిషి చెయ్యి. ఆ పనిలో కొంత కొట్టాయనది, కొంత మనది. మన వంతు మనం ఇంట్లోనే చేసి ఇస్తే ఆ చిన్న కొట్టు ఊరికి ఒక గని అవుతుంది. అన్నీ కలగలిపి ఇస్తే మంచి లోహం కూడా దారిలోనే పాడైపోతుంది.

గని అన్న మాట ఊరికే వాడలేదు. మన ఇంటి గేటుకు ఇనుము ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. విశాఖ ఉక్కు కర్మాగారాన్నే తీసుకుందాం. దానికి కావలసిన ఖనిజాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్వుతారు. కిరండూల్ నుంచి కొత్తవలస దాకా, అరకు లోయ మీదుగా, సొరంగం తర్వాత సొరంగం దాటుకుంటూ రైలు వ్యాగన్లలో ఆ ఖనిజం కిందికి దిగుతుంది. దాన్ని కరిగించడానికి కోకింగ్ బొగ్గు కావాలి. మన నేలలో దొరికే బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. అందుకని ఆ రకం బొగ్గులో పెద్ద భాగం ఆస్ట్రేలియా లాంటి దూరదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. సున్నపురాయి మరోచోట తవ్వాలి. ఒక కొండ తగ్గి, ఒక ఓడ సముద్రం దాటి, ఆ పైన నిప్పులో కాలితే గానీ ఇనుము చేతికి రాదు. అదే ఇనుము తుప్పు పట్టిన గేటుగా మన పెరట్లోనే పడి ఉందనుకోండి. ఇక దానికోసం కొండ తవ్వనక్కర్లేదు. ఓడ అక్కర్లేదు. కరెంటు కొలిమిలో వేసి కరిగిస్తే చాలు. ఒక టన్ను పాత ఉక్కును మళ్లీ వాడితే టన్నుకు పైగా ఖనిజం, అర టన్నుకు పైగా కోకింగ్ బొగ్గు ఆదా అవుతాయని 2019లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఉక్కు తుక్కు విధానంలో లెక్కకట్టారు. మన దేశంలో తయారయ్యే ఉక్కులో సగానికి అటూ ఇటూ కరెంటు కొలిముల్లోంచే వస్తోంది. వాటికి ఖనిజం నుంచి తీసే స్పాంజి ఇనుముతో పాటు తుక్కు కూడా మేతే. ఇళ్ల శ్లాబుల్లో వేసే కడ్డీలు చాలావరకు అలాంటి కొలిముల్లో పుట్టినవే. నిన్నటి గేటు రేపటి శ్లాబులో కడ్డీ. ఇది గని కాక మరేమిటి?

అల్యూమినియం సంగతి చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. సత్తు గిన్నె అని, సిల్వర్ గిన్నె అని మనం పిలుచుకునేది అల్యూమినియాన్నే. అది బాక్సైట్ అనే ఎర్రమట్టి రాయిలోంచి వస్తుంది. ఆ రాయి మన పక్కనే, ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో ఉంది. మన విశాఖ మన్యంలోనూ ఉంది. ఆ మన్యంలో తవ్వకాలు వద్దని గిరిజనులు ఏళ్ల తరబడి ఎంత పోరాడారో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కొండ పోతే ఊటలు పోతాయని, కాఫీ తోటలు పోతాయని వాళ్ల బాధ. రాయి తవ్వాక కూడా పని తీరదు. దాంట్లోంచి లోహాన్ని విడదీయడానికి విపరీతమైన కరెంటు కావాలి. కిలో అల్యూమినియానికి సుమారు 14 యూనిట్లు. అంటే ఒక మామూలు సీలింగ్ ఫ్యాను రాత్రనక పగలనక వారం రోజులు తిరిగేంత కరెంటు. ఒక్క కిలోకే! అదే ఒక సొట్టపోయిన సత్తు గిన్నెను కరిగించి మళ్లీ లోహం చేయాలంటే ఆ కరెంటులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. మళ్లీ చెబుతున్నాను, ఇరవయ్యో వంతు. వారం రోజుల ఫ్యాను కరెంటు ఒక పక్క, ఒక్క పూట ఫ్యాను కరెంటు మరో పక్క. ఆ సొట్టగిన్నె చెత్తకుండీలో పడిందా, కొట్టుకు చేరిందా అన్నదాన్ని బట్టి ఈ రెండింట్లో ఏది ఖర్చవుతుందో తేలుతుంది. కొట్టాయన ఆ గిన్నెకు ఇచ్చే డబ్బు కొద్దిగానే ఉండొచ్చు. ఆ గిన్నెలో దాగి ఉన్న కరెంటు మాత్రం కొద్దిపాటిది కాదు.

ఇక అసలు మాటకు వస్తాను. పాలూ నీళ్లూ కలిపి పెడితే హంస పాలను మాత్రమే తాగి నీళ్లను వదిలేస్తుందని మనవాళ్లు చెబుతారు. కొలిమి హంస కాదు. దాంట్లో ఏది వేస్తే అది కరుగుతుంది. కరిగినవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇనుము కరిగే కొలిమిలో రాగి తీగ చుట్ట ఒకటి పడిందనుకోండి. రాగి ఇనుములో కలిసిపోతుంది. మామూలు పద్ధతుల్లో దాన్ని మళ్లీ బయటికి తీయలేరు. మలినాలను కాల్చేసినట్టు దీన్నీ కాల్చేద్దామంటే, రాగి కంటే ముందు ఇనుమే కాలిపోతుంది. లోపల ఉండిపోయిన రాగి ఊరుకోదు. ఉక్కును ఎర్రగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసేటప్పుడు పైపొర కింద చేరి పగుళ్లు తెస్తుంది. నూటికి అర వంతు లోపు రాగి ఉన్నా ఈ బెడద మొదలవుతుంది. చూడండి, ఎంత విచిత్రమో. ఇనుము కంటే రాగి ధర ఎన్నో రెట్లు ఎక్కువ. అంత ఖరీదైన రాగి పోయింది, పోతూ పోతూ ఇనుమును కూడా పాడు చేసింది. అల్యూమినియం ముక్క ఇనుప కొలిమిలో పడితే మరో రకం నష్టం. అది కాలి, కరిగిన లోహం మీద తేలే మడ్డిలో, అంటే చిట్టెంలో కలుస్తుంది. చిట్టెంలో కలిసిందంటే ఇక పోయినట్టే. ఇనుప స్క్రూ అల్యూమినియం మూసలో పడితే ఇంకో నష్టం. కరిగిన ఇనుము అందులోనే ఉండిపోయి, అల్యూమినియాన్ని పెళుసుగా చేస్తుంది. అందుకే అంటున్నాను. కొలిమి హంస కాదు. పాలు నీళ్లు వేరు చేయాల్సింది కొలిమిలో పడకముందే.

దీన్ని కళ్లకు కట్టేలా చూడాలంటే ఒక పాత సీలింగ్ ఫ్యానును దగ్గరగా చూద్దాం. పైకి అది ఒక వస్తువు. కానీ నిజానికి ఒక చిన్న లోహాల సంత. మూడు రెక్కలు, అవి రేకువో అల్యూమినియంవో. పైకప్పు నుంచి వేలాడదీసే గొట్టం ఇనుముది. గొట్టానికి పైనా కిందా ఉండే గిన్నెలు ప్లాస్టిక్‌వి. మోటారు పైన మూత చాలా ఫ్యాన్లకు పోత పోసిన అల్యూమినియం. మూత విప్పితే లోపల పల్చటి ఉక్కు పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఆ దొంతర గాళ్లలో సన్నటి తీగ చుట్టలు చుట్టి ఉంటాయి. ఎర్రగా నిగనిగలాడితే రాగి. కొన్ని చవకరకం ఫ్యాన్లలో రాగికి బదులు అల్యూమినియం తీగ ఉంటుంది. నడుమ తిరగడానికి గట్టి ఉక్కు బేరింగులు రెండు. పక్కన చిన్న డబ్బీలా కెపాసిటర్. ఫ్యానును ఫ్యానుగానే కాటా మీద పెడితే మొత్తానికి కలిపి ఒక ధర. కొట్టు వెనక పీట వేసుకుని కూర్చున్న పనివాడు సుత్తి, ఉలి, స్క్రూడ్రైవరు పట్టి దాన్ని విప్పుతాడు. రెక్కలు ఒక కుప్ప. గొట్టం ఒక కుప్ప. మూత ఇంకో కుప్ప. చుట్టలను ఒక పక్క ఉలితో తెగ్గొట్టి, మరో పక్క నుంచి పట్టకారుతో లాగితే రాగి కుచ్చులా ఊడి వస్తుంది. ఆ కుచ్చు పిడికిలిలో పట్టేంత. కానీ ఫ్యాను మొత్తం విలువలో చాలా భాగం ఆ పిడికిలిలోనే ఉంది. అంత పెద్ద కర్మాగారం చేయలేని పని ఇది. ఒక సుత్తీ, ఒక ఉలీ, తెలిసిన చెయ్యీ చేస్తున్నాయి.

తెలిసిన చెయ్యి అన్నాను. ఇది మన ఊళ్లకు కొత్త తెలివి కాదు. కమ్మరి కొలిమి దగ్గర ఈ తెలివే ఉండేది. లారీ కమాను పట్టీ దొరికితే దాంతో కత్తో గొడ్డలో సాగగొట్టేవాడు, అది పదును నిలుపుకునే ఉక్కు కాబట్టి. మెత్తటి ఇనుప ముక్క దొరికితే గొళ్లేనికో కీలుకో వాడేవాడు. ఏ ఇనుము దేనికి పనికొస్తుందో ముందు చూసి, ఆ తర్వాతే నిప్పులో పెట్టేవాడు. ఇత్తడి, కంచు, రాగి పాత్రలు పాతబడితే తూకానికి ఇచ్చి, మజూరీ కట్టి కొత్తవి తెచ్చుకోవడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఇనప ముక్కలకు ఉల్లిపాయలు ఇచ్చే బండి మన పల్లెల్లో ఎందరికి గుర్తు లేదు? ఆంధ్రప్రదేశ్‌లో ఈ మధ్య స్వచ్ఛ రథం పేరుతో పొడి చెత్త తీసుకుని ఇంటి సరుకులు ఇచ్చే బండ్లు మొదలయ్యాయంటే, అది ఆ ఉల్లిపాయల బండికి మనవరాలే. కొట్టులో ఈ రోజుకీ అదే తెలివి పనిచేస్తోంది. కొట్టాయన ముందు అయస్కాంతం ఆనించి చూస్తాడు. అంటుకుంటే ఇనుము జాతి. అంటుకోకపోతే రాగో, ఇత్తడో, అల్యూమినియమో, స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకమో. ఆ తర్వాత ఆకురాయితో గీకి లోపలి రంగు చూస్తాడు. పైన పూత తెల్లగా ఉన్నా లోపల పసుపు తేలితే ఇత్తడి. పాత కుట్టుమిషను కాళ్లు పోత ఇనుమని, తలుపు గడియ సాగగొట్టిన ఇనుమని చెప్పడానికి అతనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. దీన్ని మనం నైపుణ్యం అని గుర్తించాలి. చదువుకున్నవాడి పని కాదని చిన్నచూపు చూస్తే నష్టపోయేది మనమే.

సరే, మన వంతు ఏమిటి? మూడు పనులు. మూడే గుర్తుపెట్టుకోండి. వేరు చేయడం, విప్పడం, ఖాళీ చేయడం. మొదటిది వేరు చేయడం. ఇంట్లో ఒక చిన్న అయస్కాంతం ఉంచుకోండి. పాత స్పీకరులోదైనా సరే. అంటేవి ఒక సంచిలో, అంటనివి మరో సంచిలో వేయండి. ఇంతమాత్రం చేసినా సగం పని అయినట్టే. రెండోది విప్పడం. పాత అల్యూమినియం కుక్కరునే తీసుకోండి. రబ్బరు రింగు ఊడదీయండి. పిడికి ఉన్న స్క్రూ విప్పి నల్లటి పిడిని పక్కన పెట్టండి. విజిలు, వాల్వు తీసేయండి. మిగిలింది శుభ్రమైన అల్యూమినియం. అయిదు నిమిషాల పని. ఇందాక చెప్పుకున్న ఇనుప స్క్రూ మూసలో పడే ప్రమాదం మీ ఇంట్లోనే తప్పిపోయింది. మూడోది ఖాళీ చేయడం. నూనె డబ్బా, పెయింటు డబ్బా, పాల పొడి డబ్బా, ఏదైనా లోపల ఏమీ లేకుండా, మూత తీసి ఇవ్వండి. మూసిన డబ్బాలో తడి ఉండి కొలిమిలో పడితే ఆవిరి పట్టి పేలుతుంది. అక్కడ నిలబడిన మనిషి మీద కరిగిన లోహం చిందుతుంది. ఒక్కటి మాత్రం చేయకండి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీయకండి. ఆ పొగలో డయాక్సిన్లనే విషాలు ఉంటాయి. వాటిని ముందు పీల్చేది కాల్చినవాడే, ఆ తర్వాత ఆ వీధి పిల్లలు. తీగను తీగగానే ఇవ్వండి. ధర కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "ఇంత శ్రమపడితే వచ్చేదెంత? పైగా తూకంలో మోసం చేస్తారు కదా" అని. న్యాయమైన ప్రశ్నే. తూకం మోసం లేదని నేను అనను. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు కాటాలో చెయ్యి తిప్పడం ఎంత తేలికో అందరికీ తెలుసు. దానికి మందు ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా ఉన్న కొట్టుకే వెళ్లండి. సామాను పెట్టకముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఇంట్లో ఒక కిలో పప్పు ప్యాకెట్టు ఉంటే దాన్నే ముందు తూచమనండి, నిజం బయటపడుతుంది. రెండు కొట్లలో ధర అడగండి. ఇవన్నీ కూరగాయలు కొనేటప్పుడు మనం చేసేవే. అసలు మాట ఇంకొకటి ఉంది. కలగలిపిన సంచికి ధర కట్టేటప్పుడు కొట్టాయన అందులో పనికిరానిది ఎంత ఉంటుందోనని భయపడతాడు. ఆ భయాన్ని ధరలో తగ్గించుకుంటాడు. విడదీసిన సంచిలో ఆ భయం ఉండదు. కాబట్టి వేరు చేయడమే బేరంలో మన బలం. ఇక వచ్చేదెంత అంటారా? ఒక ఇంటికి చిన్న మొత్తమే. కానీ ఈ పనిని డబ్బుతో మాత్రమే కొలిస్తే కుళాయి కట్టేయడం కూడా దండగే అనిపిస్తుంది. ఒక చుక్కకు ఎంత వస్తుంది? ఊరంతా కట్టేస్తే చెరువు నిలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. "ఈ కొట్లు దొంగసొత్తుకు నిలయాలు, ప్రమాదాలకు నెలవులు. వీటిని ప్రోత్సహించమంటారా?" అని. దీనికి మొహం చాటేయకూడదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి ఎత్తుకుపోతున్నారు. బోరు మోటారు కేబుళ్లు కోసుకుపోతున్నారు. ఒక్క రాత్రి దొంగతనంతో రైతు నీళ్లు ఆగిపోతాయి. మ్యాన్‌హోల్ మూతలు మాయమైతే చీకట్లో మనుషులు పడిపోతారు. ఆ సొత్తు కొనేవాడు లేకపోతే ఈ దొంగతనాలకు అర్థమే లేదు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద అదీ నేరమే. ప్రమాదాల మాట కూడా నిజం. 2022 మార్చి 23న తెల్లవారకముందే సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోడౌను అంటుకుంది. కింద సరుకు, పైన నిద్రపోతున్న మనుషులు. బీహారు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన 11 మంది కూలీలు చనిపోయారు. వాళ్లు మన ఊరి తుక్కును విడదీస్తున్నవాళ్లు. మనం వాళ్లను మరిచిపోకూడదు. అయితే దీనికి జవాబు కొట్లు మూయించడమా? మూయిస్తే తుక్కు ఆగదు. చాటుకు పోతుంది. చీటీ ఉండదు, వెలుతురు ఉండదు, మంటలార్పే సిలిండరు ఉండదు. జవాబు కొట్టును వెలుగులోకి తేవడం. లైసెన్సు ఉండాలి. ఎవరి దగ్గర ఏం కొన్నారో పుస్తకంలో రాయాలి. సరుకు ఉన్నచోట మనుషులు పడుకోకూడదు. బయటికి రెండు దారులు ఉండాలి. ఇవి అడగాల్సింది ప్రభుత్వం ఒక్కటే కాదు. చీటీ ఇస్తేనే సామాను ఇస్తామని మనమూ అడగొచ్చు. నిజాయతీగా నడిపే కొట్టుకు మన సంచి వెళ్తే, ఆ కొట్టు నిలుస్తుంది. చాటుకొట్టుకు వెళ్తే, అదే నిలుస్తుంది.

వేరు చేయడంలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. కొన్ని వస్తువులు ఈ కొట్టుకు ఇవ్వనే కూడదు. బండి బ్యాటరీ, ఇన్వర్టరు బ్యాటరీ వాటిలో మొదటివి. వాటిలో సీసం ఉంటుంది, ఆమ్లం ఉంటుంది. పెరటి కొలిముల దగ్గర పగలగొడితే ఆమ్లం కాలవలో, సీసం మట్టిలో, ఆ మట్టి పిల్లల నోట్లో. లోకంలో ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన పడాల్సినంత సీసం ఉందని 2020లో యునిసెఫ్ నివేదిక చెప్పింది. దానికి ఒక పెద్ద కారణం పాత బ్యాటరీలను ఇలా ఇష్టం వచ్చినట్టు కరిగించడమేనని కూడా చెప్పింది. కొత్త బ్యాటరీ కొనే షాపులోనే పాతది ఇవ్వండి. ధరలో తగ్గిస్తారు. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారీదారుల మీదే ఉంది. ఫోన్లు, కంప్యూటర్లు కూడా అంతే. అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రాలకే ఇవ్వండి. ఫోను బ్యాటరీకి ఉలి దెబ్బ తగిలితే మంట లేస్తుంది. వంటగ్యాసు సిలిండరు అసలు మన సొత్తే కాదు, ఆయిల్ కంపెనీది. దాన్ని తుక్కుగా అమ్మకూడదు. పాత స్కూటరును తుక్కుకు ఇచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేదంటే ఆ నంబరు ఎవరి చేతిలో తిరుగుతుందో, ఏ కేసు మీ ఇంటికి వస్తుందో చెప్పలేం.

ఇచ్చేవాడు నోరు విప్పకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఢిల్లీలో మాయాపురి అనే పెద్ద తుక్కు బజారు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉన్న ఒక పరికరం 1985 నుంచి వాడకం లేకుండా పడి ఉంది. 2010లో దాన్ని తుక్కు కింద వేలంలో అమ్మేశారు, అది మాయాపురి చేరింది. కొన్నవాళ్లకు అది ఒక బరువైన లోహపు పెట్టె. లోపల ఏముందో వాళ్లకు తెలియదు. పగలగొట్టారు. కంటికి కనబడని రేడియేషన్ బయటపడింది. చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది, కొందరు ఆస్పత్రి పాలయ్యారు, ఒక మనిషి ప్రాణం పోయింది. అక్కడ లోపం సుత్తి పట్టుకున్న చేతిలో లేదు. ఆ పెట్టె ఏమిటో తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకు అది మాట లేకుండా వెళ్లింది. మన ఇళ్లలో కోబాల్ట్ ఉండదు. కానీ సూత్రం అదే. ఆ డబ్బాలో పురుగుమందు ఉండేదని మీకు తెలుసు, కొట్టాయనకు తెలియదు. ఆ ఫ్రిజ్‌లో ఇంకా గ్యాసు ఉందని మీకు తెలుసు, అతనికి తెలియదు. సంచితో పాటు ఆ మాట కూడా ఇవ్వండి. వేరు చేయడం అంటే చేత్తోనే కాదు, మాటతో కూడా.

మరో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి ముగిస్తాను. "మున్సిపాలిటీ బండి రోజూ వస్తుంది కదా, అందులో వేస్తే సరిపోదా?" అంటారు. పొడి చెత్త విడిగా ఇస్తే, ఆ ఊళ్లో పొడి చెత్తను విడదీసే కేంద్రం బాగా నడుస్తుంటే, సరిపోతుంది. తడి చెత్తతో కలిపి వేస్తే మాత్రం సరిపోదు. అన్నం, ఆకులు, డబ్బా రేకు కలిసి కుళ్లిన కుప్పలోంచి లోహాన్ని ఏరడానికి ఒక మనిషి చేతులు పెట్టాలి. ఆ చేతులు తెగుతాయి, పుండవుతాయి. మనం ఇంట్లో ఒక్క క్షణం ఓపిక పడితే ఆ మనిషికి ఆ బాధ తప్పుతుంది. ఇక రెండో ప్రశ్న. "పాతదంతా తుక్కుకేనా?" కాదు. అసలు మొదటి చోటు బాగుచేసేవాడి దగ్గర. గిన్నెకు చిల్లు పడితే మాటు వేయించొచ్చు. ఇత్తడి బిందెకు కళాయి పెట్టించొచ్చు. పిడి ఊడిన కుక్కరుకు పిడి దొరుకుతుంది. కరిగించడానికి కూడా నిప్పు కావాలి, శక్తి కావాలి. వాడగలిగినంత కాలం వాడటమే అన్నిటికంటే పెద్ద ఆదా. బాగుచేసేవాడు పెదవి విరిచాకే కొట్టు. కొట్టు తర్వాత కొలిమి. చెత్తకుప్పకు మాత్రం లోహం ఎప్పుడూ వెళ్లకూడదు.

శ్రోతలారా, మొదట చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాను. కొలిమి హంస కాదు. కరిగిస్తుంది, వేరు చేయలేదు. వేరు చేసే పని మీ ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది, వీధి చివర కొట్టులో పూర్తవుతుంది. వేరు చేయండి. విప్పండి. ఖాళీ చేయండి. బ్యాటరీని, ఫోనును వాటి చోటికి పంపండి. చీటీ ఇచ్చే కొట్టును వెతుక్కోండి. రేపో, ఎల్లుండో ఆ కేక మీ వీధిలోకి వస్తుంది. ఆ బండి ఆగినప్పుడు ఒక సంచి కాకుండా రెండు సంచులు బయటికి తీసుకురండి. ఒకటి అయస్కాంతం అంటినది, ఒకటి అంటనిది. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. బండి తోసుకొచ్చిన ఆ మనిషి దూరం నుంచి నడిచొచ్చి ఉంటాడు. తూకం అయ్యేలోగా గ్లాసెడు మంచినీళ్లు కూడా ఇవ్వండి.